డోలీనా కర్ర మీద గాటు

డన్‌బీత్‌లో పోస్టు మర్డో అంటే తెలియని కుక్క కూడా లేదు. ముప్పై నాలుగేళ్లుగా ఎర్ర వ్యాను వేసుకుని, ఒక పక్క సముద్రం, మరో పక్క గొర్రెల బీళ్లు ఉన్న ఆ ఒక్క రోడ్డు మీదే పైకీ కిందికీ తిరుగుతున్నాడు. ఎవరింటి శుభలేఖయినా, ఎవరింటి చావు కబురయినా తడవకుండా, నలగకుండా చేర్చాడు. ఊరందరి కబుర్లూ మోసిన ఆ మనిషి, తన కబురు ఒక్కటి మాత్రం వంటింటి బల్లకి అటుపక్క కూర్చునే అక్కకి చేర్చలేక చలికాలమంతా లోలోపల నలిగిపోయాడు.

కబురు ఏమంత పెద్దది కాదు. యాభై ఏడో ఏట మర్డో గన్ పెళ్లి చేసుకోబోతున్నాడు. పెళ్లికూతురు మార్గెట్ రెండల్, సముద్రానికి అవతల ఆర్క్నీలో, స్ట్రామ్‌నెస్ బడిలో వంట చేస్తుంది. మొగుడు పోయి ఆరేళ్లయింది. చనిపోయిన మేనత్త ఇల్లు ఖాళీ చేయడానికి రెండేళ్ల కిందట డన్‌బీత్ వచ్చినప్పుడు, ఆ మేనత్త పేరున వచ్చే ఉత్తరాలు ఇవ్వడానికి మర్డో రోజూ గుమ్మంలో నిలబడేవాడు. ఉత్తరాలు అయిపోయాక కూడా నిలబడ్డాడు. జూన్ మొదటి శనివారం పెళ్లి. పెళ్లయ్యాక మర్డో అక్కడే ఉండిపోవాలి. అక్కడి పోస్టాఫీసులో చోటు కూడా దొరికింది.

చెప్పడానికి అడ్డం ఏమిటంటే, అడ్డం డోలీనాయే. తండ్రి సముద్రం పాలయ్యాక తల్లి కూడా పోయేనాటికి మర్డోకి తొమ్మిదేళ్లు, డోలీనాకి ఇరవై. తమ్ముణ్ణి పెంచింది ఆమె. ఇంటింటా మగవాళ్లు నడుముకి చుట్టుకునే కుచ్చిళ్ల కిల్టులు కుట్టి పెంచింది. ఆ కౌంటీలో డోలీనా గన్ కుట్టిన కిల్ట్ అంటే తాత కట్టుకుని మనవడికి ఇచ్చేది. నాలుగేళ్ల కిందట ఆమె చూపు నడిమధ్య నుంచి చెడిపోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషి ముఖం ఉండాల్సిన చోట ఆమెకి మసక తప్ప మరేమీ కనిపించదు. పొద్దున్న మాత్రలేవో, సాయంత్రం మాత్రలేవో మర్డోయే చూసి ఇవ్వాలి. అలాంటి మనిషికి, "నేను వెళ్లిపోతున్నాను" అని ఏ నోటితో చెప్పడం?

ఇలాంటిది ఇదివరకు ఒకసారి జరిగింది. ముప్పై ఒకటో ఏట జీన్ అనే అమ్మాయిని చేసుకుందామనుకున్నాడు. డోలీనా కిల్ట్ కూడా కుట్టింది. కాని ఇల్లు వదలాలంటే కాలు కదల్లేదు, "కొన్నాళ్లు ఆగు" అన్నాడు. జీన్ రెండేళ్లు ఆగి ఇన్వర్నెస్‌లో మరొకణ్ణి చేసుకుంది. ఆ కిల్ట్ పెట్టెలోనే పురుగు కొట్టింది. పాతికేళ్లకి పైగా మర్డో మనసులో ఆ నేరం అక్క మీదే ఉంది. పైకి ఒక్క మాట అనడు. కాఫీ చల్లారితే కూడా అననివాడు, అది అంటాడా?

మార్గెట్‌తో ప్రతి ఆదివారం రేవు దగ్గర వ్యాను ఆపుకుని ఫోన్లో మాట్లాడేవాడు.

"చెప్పావా?" అనేది మార్గెట్, పలకరింపు కూడా లేకుండా.

"ఈ వారం చెప్తా."

"పోయినవారం కూడా ఇదే చెప్పావు. చూడు మర్డో, మీ అక్కకి చెప్పకుండా దొంగలా పడవెక్కి వచ్చావంటే నేను రేవుకి రాను. నువ్వు అదే పడవలో వెనక్కి పోవచ్చు."

మార్గెట్ అన్నదంటే చేస్తుంది. అది మర్డోకి తెలుసు.

ఇదిలా ఉండగా కిల్ట్ సంగతి వచ్చి పడింది. ప్యాంటు వేసుకుని పెళ్లాడిన గన్ వంశపు మగాడు ఇంతవరకూ పుట్టలేదు. అద్దెకి తెచ్చుకుందామంటే, డోలీనా గన్ తమ్ముడు అద్దె కిల్ట్ కట్టాడని కౌంటీ అంతా నవ్వుతుంది. మరో కుట్టేవాళ్ల దగ్గర చేయించుకుంటే ఆ కబురు సాయంత్రానికి డోలీనా చెవిన పడుతుంది. ఎటు చూసినా దారి అక్క కుర్చీ దగ్గరికే వచ్చి ఆగింది. చివరికి మార్చి నెలలో ఒక మధ్యాహ్నం, టీ తాగుతూ, నేల చూపులు చూస్తూ ఒక అబద్ధం ఆడాడు.

"అక్కా, విక్‌లో మన అలిక్ లేడూ, బాబాయి కొడుకు, వాడి కిల్ట్ పురుగు కొట్టేసిందట. కొత్తది కావాలంటున్నాడు."

"నా కళ్ల సంగతి వాడికి తెలీదా?"

"తెలుసు. నువ్వు కూర్చుని చెప్తూ ఉంటే నేను కుడతానన్నా."

డోలీనా కప్పు కింద పెట్టింది. "నువ్వా? బొత్తాం ఊడితే పిన్నీసు పెట్టుకుని తిరిగే మొహానివి, నువ్వు కిల్ట్ కుడతావా?"

"నేర్చుకుంటాగా."

"సరే, కుట్టు," అంది. అంత సులువుగా ఒప్పుకుంటుందని మర్డో అనుకోలేదు. "ముందు వాడి కొలతలు పట్రా. నడుము, పిరుదులు, నడుము నుంచి మోకాలి దాకా పొడవు."

మర్నాడు డ్యూటీ దిగాక మర్డో తన గదిలో తలుపు వేసుకుని, అక్క పాత టేపుతో తనని తానే కొలుచుకున్నాడు. బెల్టు పెట్టుకునే చోట నడుము కొలిచాడు. తర్వాత టేపు ఒక కొస పక్కటెముకల కింద అదిమి పట్టుకుని, మరో కొస మోకాలి చిప్ప మీదికి జారవిడిచి, అంకె చూద్దామని వంగాడు. ఇరవై రెండున్నర అంగుళాలు. "మీరు ఇంట్లో లేనప్పుడు వచ్చాం" అని అచ్చేసి ఉండే పోస్టు చీటీ వెనక అన్నీ రాసుకుని వంటింట్లోకి వెళ్లి చదివాడు.

"నడుము ఎక్కడ కొలిచావు?" అంది డోలీనా.

"బెల్టు దగ్గర."

"కిల్ట్ బెల్టు దగ్గర కడతార్రా? ఊరంతా నడుము దాచుకునేది పొట్ట కింద. కిల్ట్ కట్టేది బొడ్డుకి పైన. పో, మళ్లీ కొలిచి రా."

మర్డో గదిలోకి వెళ్లి బొడ్డు పైన కొలుచుకుని రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. "ముప్పై తొమ్మిది."

"రెండు నిమిషాల్లో విక్ వెళ్లొచ్చావా?"

"ఫోన్ చేశా."

"ఓహో," అంది డోలీనా. "మరి పొడవు ఇరవై రెండున్నర అంటావేంటి? అలిక్ నీకంటే జానెడు ఎత్తు. అది వాడి తొడ మీదే ఆగిపోతుంది. ఆ మూల కర్ర ఇలా ఇవ్వు."

ఆ కర్ర ఆమెకి పని నేర్పిన ముసలామె ఇచ్చింది. గజం పొడవుంటుంది. దాని మీద చాకుతో పెట్టిన గాట్లు ఉంటాయి. డోలీనా ఎవరికి కుట్టినా వాళ్ల నడుము నుంచి మోకాలి దాకా పొడవు ఆ కర్ర మీద ఒక గాటు అవుతుంది. పేర్లు ఉండవు, ఏ గాటు ఎవరిదో ఆమెకే తెలుసు. డోలీనా వేళ్లతో కర్రంతా తడిమి, ఒక చోట ఆగి, మర్డో బొటనవేలు తీసుకుని అక్కడ పెట్టింది.

"ఇదీ పొడవు. సుద్దతో గీత ఇక్కడ పెట్టు. రోజూ నేను తడిమి చూస్తా. దారమంత జరిగినా విప్పించేస్తా."

మర్డో చాటుగా ఆ గాటుని టేపుతో కొలిచాడు. ఇరవై నాలుగు. తన కొలత కంటే అంగుళంన్నర ఎక్కువ.

అప్పుడు అర్థమైంది మర్డోకి తను ఎక్కడ ఇరుక్కున్నాడో. కిల్ట్‌కి కింద మడత ఉండదు, నేతలో వచ్చిన బట్ట అంచే దాని కింది అంచు. పొడవు ఏం చేసినా పైనుంచే, అదీ కుచ్చిళ్లు కుట్టకముందే. కుట్టాక ఇంక అంతే. మోకాలు దాటి దిగిన కిల్ట్ కట్టుకున్న మగవాణ్ణి చూసి ఆ దేశంలో చంటిపిల్లలు కూడా లంగా అంటారు. "అక్కా, అంత పొడవు వద్దు" అనాలంటే, ఎందుకు వద్దో చెప్పాలి. చెప్పాలంటే అబద్ధం ఒప్పుకోవాలి. అది ఒప్పుకుంటే పెళ్లి చెప్పాలి. పెళ్లి చెప్తే వెళ్లిపోవడం చెప్పాలి. ఒక్క దారం లాగితే మొత్తం ఊడి వస్తుంది. అందుకని లాగలేదు. గాటు దగ్గరే గీత గీశాడు.

అక్కణ్ణించి మొదలైంది అసలు చెర. ఎనిమిది గజాల బట్ట, గన్ వంశపు గళ్లు, ముదురు ఆకుపచ్చలో నీలం, మధ్యలో సన్నటి ఎర్ర గీత. రోజూ రెండింటికి వ్యాను అప్పగించేసి వచ్చి, మూడింటికల్లా కిటికీ పక్కన కూర్చోవాలి. వెనకవైపు ఇరవై ఏడు కుచ్చిళ్లు. ప్రతి కుచ్చిలి మధ్యలోకీ ఎర్ర గీత రావాలి. పైనుంచి పిరుదుల దాకా కుచ్చిళ్లు సన్నబడుతూ వచ్చి బిగిసి, అక్కణ్ణించి కిందికి వదులుగా పడాలి. ఏ రోజుకి కుట్టింది ఆ రోజు డోలీనా ఒళ్లో వేసుకుని, కళ్లు మూసుకుని, కుచ్చిలి కుచ్చిలికీ గోరు దింపుతూ వెళ్లేది.

"ఇదీ, ఇదీ, దాని పక్కదీ విప్పెయ్."

"అక్కా, ఎవరికి కనిపిస్తుంది ఇదంతా?"

"వెనకాల ఉన్నవాళ్లకి కనిపిస్తుంది. కిల్ట్ పనితనమంతా వెనకే ఉంటుంది. కట్టుకున్నవాడు ముందు చెరగు ఒక్కటే చూసుకుంటాడు. విప్పు."

విప్పాడు. మళ్లీ కుట్టాడు. నాలుగు రోజుల్లో కుట్టింది ఒక మధ్యాహ్నంలో విప్పించిన వారాలున్నాయి. బయట గొర్రెలకి పిల్లలు పుట్టాయి, కొండ మీద పసుపు పూలు పూశాయి, పడవలు పీతల బుట్టలతో వెళ్తున్నాయి, వస్తున్నాయి. మర్డో మాత్రం ఆ కిటికీ పక్కన సూది పట్టుకుని తల వంచుకుని ఉన్నాడు. అక్క కావాలనే ఆలస్యం చేయిస్తోందా అని అనుమానం వచ్చింది. జీన్ సంగతి గుర్తొచ్చింది. ఒంటి మీద తను కట్టుకోలేని బట్ట, తన పెళ్లికే, తన చేత్తోనే కుడుతున్నాడు. అక్క స్నానానికి వెళ్లినప్పుడు బట్టని నడుముకి ఆనించి కిందికి వంగి చూసుకునేవాడు. అంచు మోకాలి చిప్ప దాటి కిందికి కనిపించేది.

పక్కింటి బెస్సీ సింక్లెయిర్ మంగళవారం మంగళవారం గుడ్లు తెచ్చేది. బెస్సీ చెవిన పడిన మాట సాయంత్రానికి విక్ చేరుతుందని ఊళ్లో లెక్క. "ఎవరికి మర్డో ఇది?" అని అడిగితే, మర్డో పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడలేనట్టు నటించేవాడు. డోలీనాయే, "అలిక్‌కి" అని చెప్పేది.

ఇంకో వింత జరుగుతోంది ఇంట్లో. ఉత్తరాల కట్టలకి వేసే ఎర్ర రబ్బరు బ్యాండ్లు మర్డో జేబులో ఎప్పుడూ గుప్పెడు ఉండేవి. అవి మాయమవుతున్నాయి. ఒక రోజు అలమారలో మాత్రల సీసాలకి చుట్టి కనిపించాయి. ఒక సీసాకి ఒకటి, మరో సీసాకి రెండు, ఇంకోదానికి మూడు. అక్కకి మతి కూడా పోతోందేమో అని భయపడ్డాడు. ఆ భయంతో ఆ వారం కూడా చెప్పలేకపోయాడు.

మే నెల ఆఖరి మంగళవారం, పెళ్లికి పదకొండు రోజులుందనగా, ఇరవై ఏడో కుచ్చిలి డోలీనా గోటి కింద నిలిచింది. తెల్ల దారపు కచ్చా కుట్లు ఇంకా కుచ్చిళ్లని పట్టి ఉన్నాయి. మిగిలింది నడుము దగ్గర బకిళ్లు.

"బకిళ్లు మనిషి మీద చూడకుండా కుట్టకూడదు," అంది డోలీనా. "అలిక్‌ని రమ్మను."

"వాడికి తీరిక లేదటక్కా."

"అయితే నువ్వు కట్టుకో. ఇద్దరూ మగాళ్లేగా."

"నాకు సరిపోదక్కా. వాడు పొడుగు."

"కట్టుకోరా అంటే!"

ఇంక తప్పించుకునే దారి లేదు. ప్యాంటు విప్పి కిల్ట్ చుట్టుకున్నాడు. లోపలి చెరగు ఎడమ నుంచి, పై చెరగు కుడికి. డోలీనా గుండుసూదులతో నడుము దగ్గర బిగించింది. ఒక్క వేలు కూడా దూరకుండా, చర్మంలా సరిపోయింది.

"మోకాళ్ల మీద కూర్చో," అంది.

అక్కడ పొడవు చూసే పద్ధతి అదే. కట్టుకున్నవాడు నేల మీద మోకాళ్లూనితే, అంచు నేలకి తగలకుండా ఒక్క అంగుళం ఎత్తులో ఆగాలి. తనకైతే నేల మీద ఈడుస్తుందని మర్డోకి తెలుసు. రాతి నేల మీద మోకాళ్లూని, నిటారుగా, గోడకేసి చూస్తూ ఉన్నాడు. వెనక డోలీనా కూడా కీళ్లు పట్టేస్తుంటే మూలుగుతూ మోకాళ్ల మీద కూర్చుని, బొటనవేలు అడ్డంగా పెట్టి, అంచుకీ నేలకీ మధ్య చుట్టూ తడిమింది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది.

"అంగుళం," అంది.

"ఏంటి?"

"సరిగ్గా అంగుళం. ఎక్కడా తేడా లేదు."

మర్డో కిందికి చూడబోయాడు. డోలీనా వీపు మీద ఒక్కటి చరిచింది. "వంగకు! వంగే కదా తగలేశావు. నీ కొలత నువ్వే కొలుచుకున్నావు. మోకాలి దగ్గర అంకె చూద్దామని వంగావు, అంగుళంన్నర పోయింది. పక్కన ఒకళ్లుండి కొలిస్తే మనిషి నిటారుగా నిలబడతాడ్రా. ఆ ఇరవై రెండున్నర చదివిన క్షణంలోనే అనుకున్నా, ఈ మనిషికి టేపు పట్టుకునే దిక్కు కూడా లేదని."

మర్డో కర్ర ఉన్న మూలకేసి తల తిప్పాడు.

"కర్ర మీద నీ వేలు పెట్టింది నీ గాటు మీదే. జీన్ పెళ్లికని కుట్టినప్పుడు నేనే పెట్టాను. మగాడు లావెక్కుతాడు గానీ, మోకాలు ఎక్కడికి జరుగుతుంది? చాటుగా కొత్త కిల్ట్ కుట్టుకుంటున్నావంటే పెళ్లికి కాక మరి దేనికి?"

"తెలిసి ఇన్నాళ్లూ..." మర్డో గొంతులో ఉక్రోషం వచ్చింది, ఎన్నడూ రానిది. "తెలిసి మూడు నెలలు విప్పించావా? ఆ రోజు జీన్‌కి అడ్డం పడ్డట్టే..."

"ఏరా, ఆ రోజు నిన్ను ఆగమన్నానా?"

మర్డో ఆలోచించాడు. ఆ మాట అక్క అన్న రోజు ఒక్కటి కూడా గుర్తు రాలేదు.

"ఆగమనలేదు," అంది డోలీనా, ఈసారి నెమ్మదిగా. "వెళ్లమని కూడా అనలేదు. అనాల్సింది. భయమేసింది, అనలేదు. ఇరవై ఆరేళ్లు ఆ పెట్టెలో కిల్ట్ పురుగు కొడుతుంటే తెలిసి కూడా మూత తియ్యలేదు. అందుకే ఈసారి సరిగ్గా కుట్టించా. చర్చిలో నువ్వు నడిచెళ్తుంటే వెనక కూర్చునేది నేనే. నాకు కనపడదు. పక్కన కూర్చున్న ఆడవాళ్లు చూసి, ఒక్క గీత వంకర అన్నారంటే నేను బతకను."

మర్డోకి అలమారలో మాత్రల సీసాలు గుర్తొచ్చాయి. పొద్దుటివి ఒక బ్యాండు, మధ్యాహ్నానివి రెండు, సాయంత్రానివి మూడు. మార్చి నెల నుంచీ అక్క తను లేకుండా బతకడం నేర్చుకుంటోంది, తన జేబులో రబ్బరు బ్యాండ్లతోనే. మోకాళ్ల మీద ఉన్నవాడు ఉన్నట్టే ఏడ్చాడు. చప్పుడు రాకుండా ఏడ్చాడు గాని, చూపు పోయినవాళ్ల దగ్గర అది దాగదు.

"లే. మోకాళ్లు పట్టేస్తాయి," అంది డోలీనా. లేచాక, వెనక చేరి, కచ్చా కుట్ల తెల్ల దారం కొస వెతికి పట్టుకుంది. "ఇప్పుడు చెప్పు. ఎవరు? ఎప్పుడు? నాకు నువ్వు చెప్పాలి. ఊహించుకుని ఊరుకోలేను."

మర్డో నోరు తెరిచాడు. మూసుకున్నాడు. ఇన్నాళ్లూ లోపల కుక్కిపెట్టిన మాట, తలుపు తీశాక కూడా బయటికి రానంది.

"దేవుడా, వీణ్ణి నేనేనా పెంచింది," అంది డోలీనా. ఒక్క లాగున తెల్ల దారం సర్రున లాగేసింది. బిగపట్టి ఉన్న కుచ్చిళ్లు ఒక్కసారి వదులై మర్డో తొడల వెనక ఊగాయి. "పో. గేటు దాకా నడిచి రా. ఎలా ఊగుతుందో వింటా. వెనక్కి తిరిగి చూడకు."

మర్డో తలుపు తీసుకుని బయటికి వెళ్లాడు. సముద్రపు గాలి కాళ్లకి కొట్టింది. పక్క పెరట్లో బెస్సీ తడి దుప్పట్లు ఆరేస్తోంది. మర్డోని చూసి నోట్లో క్లిప్పు తీసేసింది.

"ఓరి నాయనో! అలిక్‌ది నువ్వు కట్టావేం? అమ్మమ్మో, ఎంత బాగా కుదిరిందయ్యా! ఇంతకీ పెళ్లెవరిది?"

మర్డో గేటు పట్టుకున్నాడు.

"నాదే," అన్నాడు. గాలి ఎదురుగా ఉంది, అందుకని మళ్లీ గట్టిగా అన్నాడు. "నాదే బెస్సీ. వచ్చే నెల మొదటి శనివారం. స్ట్రామ్‌నెస్‌లో. మార్గెట్ రెండల్‌ని చేసుకుంటున్నా. అక్కడే ఉండిపోతా."

బెస్సీ చేతిలో దుప్పటి గడ్డి మీద పడింది. లోపలి నుంచి డోలీనా గొంతు వినిపించింది, కోపంగా, తడిగా.

"మొదటి శనివారమా? పదకొండు రోజులే ఉన్నాయిరా వెధవా! లోపలికి రా, బకిళ్లు ఎవరు కుడతారు?"